గంగమ్మకు వీపు చూపకూడదు

మా అవ్వకు పాములంటే భయం, పోలీసులంటే భయం, రైలు కూత వింటే కూడా గుండెదడే. నీళ్లంటే మాత్రం భయం లేదు. నీళ్లకు భయపడేవాళ్లు కూడా ఉంటారని ఎవరైనా చెబితే ఆమె నమ్మేది కాదు. ఆమె పుట్టింది, మెట్టింది అంతా కదిరి దిక్కున, నంబులపూలకుంట పక్కన కరువు నేలలో. చెంబెడు నీళ్లతో మొహం కడిగితే ఆ నీళ్లు కింద పళ్లెంలో పడాలి. పళ్లెంలో నీళ్లతో గిన్నెలు తొలవాలి. తొలిచిన నీళ్లు అనపతీగ పాదుకు పోయాలి. మధ్యలో ఎక్కడైనా ఒక చుక్క నేలపాలైతే ఇంటిల్లిపాదికీ తిట్లు తప్పేవి కావు.

అలాంటి మనిషిని నీళ్లే తీసుకుపోయాయి. ఆమె నీళ్లకు ఎదురుపోయి పసుపు కుంకుమ పెడుతుండగా తీసుకుపోయాయి. ధర్మవరంలో నా వయసువాళ్లకు ఈ సంగతి తెలుసు. కాకపోతే వాళ్లు చెప్పుకునే తీరు వేరు. "వాగొస్తాంటే పరిగెత్తకుండా పూజ చేసినారంట, ఎర్రి జనం" అని నవ్వుతూ చెప్పుకోవడం నా చెవులారా విన్నాను. నేను పక్కనే కూర్చుని మగ్గానికి దారం కండెలు చుడుతున్నానని కూడా చూసుకోకుండా అన్నారు. అప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడు చెప్తాను.

మాది రెండు కాండ్ల సేద్యం. అంటే నాలుగు ఎద్దులు, వాటికి తగ్గ చేను, చెరువు కింద కాస్త మడి. ఇంట్లో మేము ముగ్గురమే: నాయన, నాయన తల్లి అయిన అవ్వ, నేను. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. కరువు కాలంలో ఊరు మీదికి ఎవరొచ్చినా మా ఇంట్లో సంగటి ముద్ద పెట్టి పంపేవాళ్లం. పెట్టేటప్పుడు అవ్వ వాళ్ల ఊరు అడిగేది, ఊరొదిలి ఎందుకొచ్చారని చీవాట్లు కూడా పెట్టేది. ఊరు విడిచి తిరిగేవాళ్లంటే ఆమెకు చిన్నచూపు. ఆ చిన్నచూపు మా నెత్తిన ఎలా పడిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యాభైల నడుమ వానలు వరుసగా ఎత్తిపోయాయి. చెరువు నెర్రెలిచ్చింది. బావి తవ్వుకుంటూ పోతే బండ తగిలింది. నాయన ఎద్దులను కదిరి సంతకు తోలుకుపోయి, సాయంత్రానికి పగ్గాలు భుజాన వేసుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. ఆ పగ్గాలను గోడకు తగిలించి చాలాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఊరొదలాలనే మాట మా ఇంట్లో మొదట ఎత్తింది అవ్వే. నాయన నోట ఆ మాట రాదని ఆమెకు తెలుసు.

బయల్దేరే ముందు అవ్వ ఒక చిన్న కుండలో విత్తనపు ఉలవలు పోసింది. బూడిద కలిపి, వేపాకు దూసి, మూతికి పేడమట్టి మెత్తింది. నన్ను పిలిచి చెప్పింది.

"ఇదో పాపా, ఇవి తినేకి కాదు. పానం పోతాన్నా ఈ మూత తెరవగూడదు. యాడన్నా వెనకవాన పడిందంటే మనూరికి పోయి చల్లుకునేకి. మనం పోయేది తిరిగొచ్చేకే."

మా నాయన ఆ మాటకు తల ఊపాడు. మేము ముగ్గురమూ ఆ మాటనే పట్టుకుని ఊరు దాటాము. వాన పడాలి, తిరిగి పోవాలి. వేరే ఆలోచన లేదు.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. చెరువు నిండి అదనపు నీరు పొర్లిపోయే చోటును మరవ అంటారు. మా దిక్కున మరవ పారడమంటే పెళ్లి కన్నా పెద్ద సంబరం. ఆ రోజు ఊళ్లో తప్పెట మోగుతుంది. తప్పెట వినగానే ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలి, పళ్లెంలో పసుపు కుంకుమ, రవికెగుడ్డ, కొబ్బరికాయ పెట్టుకుని మరవ కిందికి దిగాలి. ప్రతి ఇంట్లోనూ పెద్దామె ముందు నడవాలి. కొత్తనీరు వచ్చి పాదాలు తడిపే దాకా నిలబడి పసుపు కుంకుమ వదలాలి. తిరిగొచ్చేటప్పుడు గంగమ్మకు వీపు చూపకూడదు. నీళ్లవైపే మొహం పెట్టి, వెనక్కి వెనక్కి అడుగులు వేసుకుంటూ గట్టెక్కాలి. వీపు చూపిస్తే అలిగి పోతుందట, మళ్లీ ఏళ్ల తరబడి రాదట. నేను చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఆ నీళ్లు మోకాటి లోతు కూడా లేవు. పెద్దవాళ్లు మొక్కుకుంటుంటే పిల్లలం అందులో చేపపిల్లల కోసం దేవులాడాము.

ఆ సారి మా ఇంటి నుంచి ముందు నడిచింది అవ్వ కాదు, అవ్వకు అత్త. అత్త బతికినన్నాళ్లు ఆ పెద్దరికం అత్తదే. అత్త పోయేనాటికి వానలు పోయాయి. "ఒక్క తూరన్నా నా చేత్తో గంగమ్మకు పసుపు పెట్టి సచ్చిపోతా" అని అవ్వ పండక్కీ పబ్బానికీ అనేది. మేము నవ్వేవాళ్లం.

మొదట హిందూపురం పోయాము. అక్కడ చింతపండు మండీలో నాకూ అవ్వకూ కాయ దంచి గింజ తీసే పని దొరికింది. మా పక్కన కూర్చున్న ఆడవాళ్లు సగం కన్నడం, సగం తెలుగు కలిపి మాట్లాడేవాళ్లు. డబ్బును దుడ్లు అనేవాళ్లు. అవ్వ మాటా వాళ్ల మాటా కలిసేది కాదు కానీ చేతులు కలిసిపోయేవి. చింతపండు కాలం అయిపోగానే పని అయిపోయింది. మండీ ముందు మేము పడుకునే అరుగు కూడా పోయింది. పెనుకొండలో నాయన రోడ్డుకు కంకర కొట్టాడు. కొండ కింద పాత గోడ పక్కన కొట్టం, అంటే చిన్న గుడిసె, వేసుకుంటే, అక్కడి నుంచి లేవండని ఒకరు, ఇక్కడ వంట చేయొద్దని ఇంకొకరు. రెండు మూడు తావులు మారాక నాయన విసిగిపోయి ధర్మవరం పోదామన్నాడు. అక్కడ రైలు సరుకు దించే కూలీ ఉంటుంది, పట్టుమగ్గాల దగ్గర ఆడవాళ్లకు పని ఉంటుంది.

ధర్మవరంలో ఊరి చివరి వీధి దాటాక ఒక వాగు ఉండేది. పైన ఒక చిన్న చెరువు, దాని మరవ నీరు పోయే దారి అది. మేము పోయేసరికి అందులో నీటి జాడ లేదు. మెత్తని ఇసుక, చదును నేల, రెండు పక్కలా గట్టు ఉండటం వల్ల గాలి కొట్టదు. మా లాగే కదిరి పక్క నుంచి వచ్చినవాళ్లు అప్పటికే కొన్ని కొట్టాలు వేసుకుని ఉన్నారు. ముఖ్యమైన సంగతి, అక్కడ ఎవరూ లేవమనలేదు. ఊరు మొత్తంలో ఎవరికీ అక్కర్లేని నేల అదొక్కటే. నాయన బోదగడ్డి తెచ్చి కప్పు వేశాడు. అవ్వ ఉలవల కుండను మూలన ఉట్టిలో పెట్టింది.

మా కొట్టం పక్కన ఒక తుమ్మచెట్టు ఉండేది. దాని కొమ్మల్లో, మనిషి తలకన్నా పైన, ఎండిన గడ్డీ పుల్లలూ పాత గుడ్డపీలికా చిక్కుకుని ఉండేవి. ఏదో పిట్ట గూడు పెట్టి వదిలేసిందని అవ్వ అనింది. నాయన తలెత్తి చూశాడు. సేద్యగాడు, నీరు ఎంత ఎత్తు వస్తే చెత్త ఎంత ఎత్తులో చిక్కుతుందో ఆయనకు తెలియకుండా ఉంటుందా? "ఎప్పుడో తాతల కాలంలో వచ్చుంటాయిలే" అన్నాడు. మనిషి అలసిపోయాక కళ్లు తనకు కావలసిందే చూస్తాయి. ఇంకో తావు వెతికే ఓపిక ఆయన కాళ్లలో లేదు.

ఎవరూ చెప్పలేదంటే అబద్ధమవుతుంది. చెప్పారు. చెప్పిన తీరు చూడండి.

వాగు పక్కనే చేను ఉన్న రైతు ఒకాయన పొద్దున్నే వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏమప్పా, ఈడ కొట్టాలేసుకున్నారు, ఇది వాగు. నీళ్లొచ్చినాయంటే అందరూ కొట్టుకోని పోతారు. మీ ఆడోళ్లకు చెప్పు, నా చేను కంప పీక్కపోయి పొయిలో పెడ్తాండారు. ఇంగోసారి చూసినానంటే ఊరకుండను."

నాయన చేతులు కట్టుకుని "అట్లనేప్పా" అన్నాడు. ఆయన పోయాక ఉమ్మేశాడు. "నీళ్లంట, నీళ్లు. కంప కోసరం మనల్ని లేపేకి ఎత్తు. నీళ్లొచ్చేటట్లుంటే ఈన తన చేను కోసరం మొక్కుకుంటాండేటోడు, మనకు చెప్పేకి వస్తాడా?" అన్నాడు. కొట్టాల్లో అందరూ అదే మాట అనుకున్నారు. నెలకిందటే ఆయన మా వాళ్ల మేకను కట్టేసి తగాదా పెట్టుకున్నాడు. పొమ్మనేవాడు చెప్పే జాగ్రత్తను జాగ్రత్త అని ఎవరు వింటారు? ఆయన చెప్పింది నిజం. ఆయనకు మేము పోవాలని ఉండిందీ నిజం. రెండూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వచ్చేసరికి మాకు రెండోదే వినపడింది.

చివరి వీధిలో నేను కండెలు చుట్టడానికి పోయే నేతగాళ్ల ఇల్లు ఉండేది. రాట్నం తిప్పుతూ మగ్గానికి కావలసిన పట్టుదారం చిన్న కండెలకు ఎక్కించడం నా పని. ఆ ఇంటావిడ మంచిది. నాకు దాహమైతే చెంబు పైకెత్తి దోసిట్లోకి పోసేది, చెంబు మాత్రం చేతికిచ్చేది కాదు. ఒకరోజు ఆమే చెప్పింది.

"మే, మీరు ఆ వాగులో ఉండేది మంచిది కాదు. మా అత్త చెప్పేది, ఒక తూరి నీళ్లు మా గడప దాకా వచ్చినాయంట."

"మరి యాడ ఉండల్లక్కా?" అని అడిగాను.

నేను వెటకారానికి అడగలేదు, నిజంగానే అడిగాను. వాళ్ల పెరడు చాలా పెద్దది. ఆమె ఒకసారి పెరటివైపు చూసింది, మళ్లీ మగ్గం వైపు చూసింది. ఇంకో చిలప దారపు చుట్ట తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ పడీ పడీ నవ్వింది. ఆమె అంత నవ్వడం ఊరొదిలాక అదే మొదలు. "నీళ్లొస్తాయని బెదిరిస్తాండారా మనల్ని? రానీ మే! నీళ్లొస్తే ఇంగ ఈడెందుకుంటాం? మనూర్లో ఉండమా?" అనింది. పక్క కొట్టాలవాళ్లను పిలిచి మరీ చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆకలితో చావడం చూశాము, దాహంతో పశువులు చావడం చూశాము. నీళ్లు ఎక్కువై చస్తారంటే అది ఏదో సముద్రం పక్క దేశాల ముచ్చట అనుకున్నాము.

ఊళ్లో మమ్మల్ని కరువోళ్లు అనేవాళ్లు. వీధి బావి దగ్గర మా వంతు అందరి తర్వాత వచ్చేది. ఎవరింట్లోనైనా చెంబు పోతే ముందు మా కొట్టాలు వెతికేవాళ్లు. నాయన స్టేషన్లో మూటలు మోసి వచ్చి, వీపుకు అవ్వ ఆముదం రాస్తుంటే, "ఇంగో వాన పడనీ మా, ఒకటే వాన" అనేవాడు. ఆ ఒక్క వాన కోసం మూడు దీపావళులు అక్కడే గడిచాయి.

వాన వచ్చింది. వెనకవాన రోజుల్లో, వానకాలం ముగిసే ముందు, ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి మొదలైంది. మొదట అవ్వ బయటికి పోయి నెత్తి తడుపుకుంది. లోపలికి రమ్మంటే రాలేదు. రెండో రోజు కూడా ఆగలేదు. కప్పు కారింది, పొయ్యి ఆరింది, అయినా కొట్టాల్లో ఒక్కరి మొహంలో దిగులు లేదు. "ఈడ ఇట్ల పడ్తాందంటే మన పక్క పడకుండా ఉంటుందా?" అని నాయన పదే పదే అన్నాడు. అవ్వ ఉట్టి దించి కుండ మూతి తడిమి చూసింది. మట్టి చెక్కుచెదరలేదు. రేపే రైలెక్కుదామని అనుకున్నాము. నాయన పలుగూ పారా కలిపి కట్టాడు. ఎద్దులు లేకపోతే అడిగి ఒక కాడి తెచ్చుకుని అయినా ఉలవలు చల్లుతానన్నాడు. ఆయన మొహం అంత వెలగడం నేను మళ్లీ చూడలేదు.

తెల్లారేసరికి వాన కాస్త సన్నగిల్లింది. అవ్వ అప్పటికే తలకు పోసుకుని, పెట్టె అడుగున దాచుకున్న చీర కట్టుకుంది. ప్రయాణానికి తయారైందనుకున్నాను. అప్పుడు వినపడింది, ఊరి వైపు నుంచి తప్పెట.

అవ్వ కొయ్యబారినట్టు నిలబడింది. "ఇనపడ్తాందా? ఇనపడ్తాందా మే? మరవ పారింది!"

చప్పుడు వినపడుతోంది కానీ మాటలు వినపడటం లేదు. వానలో, అంత దూరంలో, వినపడే వీలు లేదు. తప్పెట వెంట ఎవరో గొంతు చించుకుని అరుస్తున్నట్టు మాత్రం తెలుస్తోంది. మా ఊళ్లో కూడా తప్పెట వెంట అలాగే కేకలు వేసేవాళ్లు, సంబరంతో. కొట్టాల్లో ఒక్కరికి, ఒక్కరికైనా అనుమానం రాలేదు. "ఈ ఊర్లో గూడా గంగపూజ చేస్తారన్నమాట, మంచోళ్లే" అని నాయన అన్నాడు. ఆడవాళ్లు పళ్లేలు వెతుక్కున్నారు. కొబ్బరికాయలు ఎవరి దగ్గరా లేవు. పసుపు, కుంకుమ, చారెడు బియ్యం, ఒకామె దగ్గర కాస్త బెల్లం. రవికెగుడ్డ లేకపోతే అవ్వ ప్రయాణానికి నాకు దాచిన కొత్త రవికెను మడిచి పళ్లెంలో పెట్టింది.

ఉలవల కుండ నా చేతికిచ్చింది. "నువ్వు దిగొద్దు. కుండ తడిస్తే ఇత్తనం చెడిపోతాది. గట్టెక్కి ఆడనే నిలబడు. నేను పసుపు పెట్టి వస్తా, రైలుకు పోదాం."

నేను గట్టెక్కాను. వానకు నెత్తిన కప్పుకున్న గోనెపట్ట కొప్పెర కిందికి కుండను లాక్కుని నిలబడ్డాను. నాయన కొట్టంలో మూట కడుతున్నాడు. అవ్వ వాగులో కాస్త పైకి నడిచింది. వెనక మిగతా ఇళ్ల ఆడవాళ్లు. అందరికన్నా ముందు మా అవ్వ. అందరికన్నా ముందు నడిచేది ఎప్పుడా అని ఆమె ఎన్నేళ్లు ఎదురు చూసిందో నాకు తెలుసు, అందుకే చూస్తుంటే నాకు కూడా గర్వంగా ఉండింది.

నీళ్లు మొదట సన్నగానే వచ్చాయి. ఎర్రగా, నురగతో, ఆకులు నెట్టుకుంటూ, నేలను తడిమి తడిమి వచ్చినట్టు వచ్చాయి. ఆడవాళ్లు గోవింద కొట్టారు. నీళ్లు పాదాలు తాకగానే అవ్వ వంగి పసుపు వదిలింది, కుంకుమ వదిలింది, రవికె వదిలింది. ఏదో మొక్కుకుంది. చీలమండల దాకా వచ్చాయి. ఆమె మొహం పైకెత్తి నా వైపు చూసి నవ్వింది. ఆమె పళ్లు రెండే ఉండేవి, అవి కనపడ్డాయి.

తర్వాత పై నుంచి ఒక చప్పుడు వచ్చింది. బండరాళ్లు దొర్లిస్తున్నట్టు ఉండింది. చెరువుకు ఎగువన పై ఊరి కుంట తెగిందని మాకు ఆ తర్వాత తెలిసింది. ఊళ్లో తెల్లారుజామునే తెలిసింది, అందుకే ఆ తప్పెట. వాగు పక్క ఉన్నవాళ్లంతా ఇళ్లొదిలి మెరకకు పోవాలని చాటింపు వేశారు.

చప్పుడు వినగానే వయసులో ఉన్న ఆడవాళ్లు పళ్లేలు వదిలేసి గట్టుకు పరిగెత్తారు. అవ్వ పరిగెత్తలేదు. ఆమెకు భయం వేయలేదని నేను అనను. నేను చూశాను, వేసింది. కానీ ఆమె వెనక్కి తిరగలేదు. పళ్లెం రెండు చేతులా పట్టుకుని, నీళ్లవైపే మొహం పెట్టి, వెనక్కి ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు వేయడం మొదలుపెట్టింది. "అవ్వా, తిరుగు! తిరిగి రా అవ్వా!" అని అరిచాను. నాయన కొట్టంలోంచి బయటికొచ్చి "మా! మా!" అని అరుస్తూ ఆమె వైపు ఉరికాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వీపు చూపిస్తే గంగమ్మ అలుగుతుంది. గంగమ్మ అలిగితే ఊళ్లో వాన ఉండదు, ఊళ్లో వాన లేకపోతే మేము పోలేము. ఆమె లెక్క అంతే. మా కోసమే వెనక్కి వెనక్కి నడిచింది. ఇంకో నాలుగడుగులు వేస్తే గట్టు.

ఎర్రనీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. అంతకన్నా చెప్పలేను. కొట్టాల కప్పులు తేలి, తిరిగి, కనపడకుండా పోయాయి. నాయనను ఆ తుమ్మచెట్టు ఆపింది. చెత్త చిక్కుకున్న ఆ కొమ్మలకే ఆయన కూడా చిక్కుకుని వేలాడాడు. నీళ్లు తీసేదాకా ముళ్లు ఒళ్లంతా గీరుకుపోతుంటే పట్టుకునే ఉన్నాడు. నేను గట్టు మీద నిలబడే ఉన్నాను. కుండ చేతిలోనే ఉంది. దాన్ని వదిలేసి దిగాలన్న ఆలోచన రాకపోవడం నా తప్పు కాదు, దిగి ఉంటే నేనూ పోయేదాన్ని. అయినా నాయన ఎన్నో రోజులు నా చేతుల వంక చూసేవాడు.

అవ్వ దొరకలేదు. వాగు కలిసే ఏటి దాకా పోయి వెతికాము.

మమ్మల్ని ఒక బడిలో ఉంచారు. అంగళ్లవాళ్లు అన్నం వండించి పెట్టారు. నేనెవరినీ చెడ్డవాళ్లని చెప్పడం లేదు. తప్పెట కొట్టిన మనిషి కూడా ఒకరోజు బడికి వచ్చాడు. మా లాగే బీదవాడు. నాయన ముందు కూలబడి, "చివరి ఈది మలుపు దాకా కొట్టమన్నారన్నా. ఆడికి కొట్టినా. మీ కాడికి రమ్మని ఎవురూ చెప్పల్యా. అది ఈది కాదు గదా" అని ఏడ్చాడు. నాయన ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. మాకు చప్పుడు వినపడిందని గానీ, దాన్ని ఏమనుకున్నామని గానీ ఆయనకు చెప్పలేదు.

తర్వాత కూలిన ఇళ్లకు సాయం రాసుకోవడానికి ఒకాయన వచ్చాడు. నాయన వంతు వచ్చింది.

"యా ఊరప్పా మీది?"

నాయన నిటారుగా నిలబడి మా ఊరి పేరు చెప్పాడు. ఎక్కడ అడిగినా ఆయన ఆ పేరే చెప్పేవాడు, అదొక్కటే ఆయన దగ్గర మిగిలింది.

"అట్లయితే మీ ఊరికి పోయి అడగండి. ఇది ఈ ఊర్లో ఇల్లు పోయినోళ్లకు."

"మా ఇల్లు పోయింది ఈడనే సామీ."

"అది ఇల్లు యాడిదప్పా, వాగు గదా అది" అన్నాడు ఆయన. కోపంగా కూడా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పి పక్కవాణ్ని పిలిచాడు.

అన్నం పెట్టడం ఆగింది. బడి పిల్లలకు కావాలన్నారు. రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి సరుకు బళ్లు రావడం లేదు, నాయనకు కూలీ లేదు. మగ్గాల గుంతల్లో నీళ్లు నిండి నాకూ పని లేదు. మళ్లీ వాగు గట్టు మీదికే చేరాము. మా పక్క కూడా వానలు దండిగా పడ్డాయని, చెరువు నిండిందని కదిరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. మా ఊరి మరవ కూడా పారిందట. అవ్వ వీపు చూపకుండా నడిచినందుకే గదా అని ఒక క్షణం అనిపించింది. వెంటనే నా మీద నాకే రోత పుట్టింది.

అప్పుడైనా పోయి ఉండాల్సింది. ఉలవలకు ఇంకా అదను ఉంది. నేను నాయనను అడిగాను.

"పోదాం పా నాయనా. ఇత్తనాలుండాయి గదా."

రెండు రోజులుగా మేము ఏమీ తినలేదు. ఆయన లేచి కుండ తెచ్చుకున్నాడు. ఒక రాయి తీసుకుని మూతికి ఉన్న మట్టి పగలగొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా చెయ్యి మెల్లగా పక్కకు తీసి, ఉలవలు ముంతలో పోసి, వాగులో ఇంకా పారుతున్న నీళ్లతోనే బూడిద పోయేలా కడిగాడు. ఒకసారి కడిగాడు, మళ్లీ కడిగాడు. మూడు రాళ్లు పెట్టి ఉడకబెట్టాడు. వేపాకు చేదు పోలేదు. తడి కట్టెల పొగకు ఆయన కళ్లు కారుతున్నాయని అనుకోవడానికి వీలుగా పొగ కూడా ఉంది.

"తిను పాపా" అన్నాడు.

తిన్నాను. ఆకలికి బాగానే ఉన్నాయి, అది చెప్పడానికే ఇప్పటికీ సిగ్గేస్తుంది. విత్తనం తిన్నాక నాయన ఊరి మాట ఎత్తలేదు. ఎవరైనా ఊరు అడిగితే ధర్మవరం అని చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు అడిగేవాళ్లు ఎవరూ సాయం చేయడానికి వచ్చినవాళ్లు కాదు. కొట్టం మళ్లీ అక్కడే వేశాడు, ఈసారి గట్టుకు ఆనించి కాస్త పైగా. అంతకన్నా పైకి ఊరివాళ్లు పోనివ్వలేదు. కొన్నేళ్లకు ఆయన కూడా ఆ కొట్టంలోనే పోయాడు.

అరవైల నడుమ మళ్లీ కరువు వచ్చింది. అప్పటికి నాకు పెళ్లయింది, మగ్గం కూలీతో. మా కాపురం కూడా అక్కడే, గట్టు వారగా. ఒకరోజు పొద్దున వాగులో కొత్త మనుషులు కనపడ్డారు. కన్నడ సరిహద్దున ఉన్న రొళ్ల పక్క నుంచి వచ్చారట. మాటలో కన్నడం కలుస్తోంది. మగవాళ్లు ఇసుక చదును చేస్తున్నారు. నా కన్నా చిన్నది, చంకలో పసిబిడ్డ ఉన్న ఒకామె, తుమ్మచెట్టు కొమ్మకు పాత చీర కట్టి ఉయ్యాల వేస్తోంది. ఆ కొమ్మల్లో పైన మా నాటి గడ్డీ పీలికలూ ఇంకా చిక్కుకునే ఉన్నాయి.

నేను గబగబా దిగిపోయాను. "ఈడొద్దమ్మా, ఈడ ఉండొద్దు. నీళ్లొస్తాయి. మేమూ కరువుకే ఊరొదిలి ఈడికొచ్చినాం, మా అవ్వ ఈడనే పోయింది" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. కుంట అన్నాను, తప్పెట అన్నాను. తప్పెట వినపడితే పరిగెత్తమన్నాను. ఆమె బిడ్డను ఉయ్యాలలో పడుకోబెడుతూ విన్నది. ఆమె మగడు పార ఆపి నన్నూ, గట్టు మీద మా కొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆ రైతు మాట విన్నప్పుడు మా నాయన కళ్లలో చూసిన చూపే అది.

"మీ జాగానాక్కా ఇది?" అని అడిగాడు.

కాదన్నాను. అతను నమ్మలేదు.

ఆమె మాత్రం నవ్వింది, మర్యాదగానే. "నీళ్లొస్తే మంచిదే గదక్కా. వాన పడితే మేము ఈడెందుకుంటాం, మా ఊరికి ఎల్లిపోతాం" అనింది. ఉయ్యాల ఒకసారి ఊపి, ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగింది.

"మీ పక్క వాన పడలేదా అక్కా ఇంగా? ఈడనే ఉండారే?"

పడిందని చెప్పాను.